అమ్మ వరసలో తుంగ

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకు నీ చెల్లెలు గౌరి నమస్కారాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, నేను, మీ బావ ముగ్గురం బాగున్నాం. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని, చిన్నదానికి దగ్గు తగ్గిందని అనుకుంటున్నాను. తగ్గకపోతే టెక్కలి తీసుకెళ్లి చూపించండి, ఊళ్లో ఇచ్చే ఆ ఎర్ర మందుతో సరిపెట్టకండి. అమ్మ ఒంట్లో ఎలా ఉందో ముందే చెప్పేస్తాను, లేకపోతే మిగతా ఉత్తరం వదిలేసి నువ్వు దానికోసమే వెతుక్కుంటావు. అమ్మ బాగుంది. మోకాలి నొప్పి ఊళ్లో ఎంత ఉండేదో ఇక్కడా అంతే ఉంది, ఎక్కువ కాలేదు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోనులో మనిద్దరం రెండో మాటకే తగువు పెట్టుకుంటాం. పోయినసారి చేసినప్పుడు నువ్వు, "అమ్మకి టికెట్టు తీసినావా నేదా, అది సెప్పు ముందు" అని అరిచావు. నాకు ఒళ్లు మండి పెట్టేశాను. అదీ కాక ఈ రేకుల షెడ్డులో ఫోను మాట్లాడితే అటు చివర వంట చేసుకునేవాళ్లకి కూడా మన ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయి. అమ్మ కూడా, "కాయితం మీదయితే ఆడు మద్దెలో అడ్డు రాడు, రాయే" అంది. మమ్మల్ని ఈ పనికి తీసుకొచ్చిన సింహాచలం మావ రేపు ఊరికి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. అమ్మని కూలికి తీసుకుపోయాడని అతని మీద నీకు కోపం ఉందని తెలుసు. అయినా గుమ్మంలోకి వచ్చిన మనిషికి మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టు.

మేమిక్కడ చెరువులో మట్టి తవ్వుతున్నామని ఊళ్లో చెబుతున్నావట. మట్టి తవ్వడం కాదు అన్నయ్యా, ఎన్నిసార్లు చెప్పినా నీ బుర్రకి ఎక్కడం లేదు. ఊరి చివర పెద్ద చెరువు ఇది. చుట్టూ మేడలు లేచాక మురుగంతా దీంట్లోకే వచ్చిందట. గట్లు కోసుకుపోయాయి, నీళ్లు కనబడకుండా గుర్రపుడెక్క పట్టేసింది. ఇప్పుడొక సంస్థవాళ్లు దీన్ని మళ్లీ చెరువులా చేస్తున్నారు. వేసవిలో గట్లు ఏటవాలుగా చదును చేశారు. వానలు పడ్డప్పటి నుంచి ఆ ఏటవాలు మీద ఈ నేలలో పుట్టిన మొక్కలే నాటిస్తున్నారు. నీళ్లలో తుంగ, జమ్ము. తడి అందే చోట వట్టివేరు. ఇంకా పైకి పోతే మద్ది, కానుగ, నేరేడు. వేళ్లు మట్టిని పట్టుకుంటాయట, మురుగు నీటిని వడగడతాయట, పిట్టలు గూళ్లు పెడతాయట. పిట్టలు అప్పుడే రావడం మొదలెట్టాయి, అది మాత్రం నేను కళ్లారా చూశాను. మీ బావ తెప్ప మీద తిరిగి గుర్రపుడెక్క లాగుతాడు. నేను, అమ్మ, మన వీధి చివరి దాలమ్మ, మిగతా ఆడవాళ్లం నాట్ల పని. వానలు ఆగి చెరువు నిండాక ఈ పని ఉండదు, కోతల వేళకి ఊళ్లో ఉంటాం.

మొదటిరోజు తుంగ పిలకల బుట్ట చూసి అమ్మ నవ్విన నవ్వు నువ్వు చూడాల్సింది. గట్టు మీద చతికిలబడి మరీ నవ్వింది. "ఓలమ్మా, ఈ తుంగని పీకి పీకి నా నడుం ఒంగిపోనాది. ఇప్పుడు దీన్ని నాటడానికి రైలెక్కి వచ్చినానా" అంది. దాలమ్మ ఊరుకుంటుందా, "మన మళ్లో తుంగ పట్రమ్మంటే బస్తాలకొద్దీ తెచ్చీవోళ్లం గదే" అని అందుకుంది. రేఖ మేడం, అంటే మాకు పని చూపించే సంస్థ అమ్మాయి, మన మాట సగం అర్థమై సగం అర్థం కాక, ఆవిడా మాతో పాటు నవ్వింది.

ఇక్కడ ఎండ లేదు. సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది, బట్టలు ఆరవు. నీళ్లలోంచి బయటికి వస్తే సాయంత్రాలు వణుకు. ఉప్పుగాలి లేని చోట నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు, భావనపాడు వైపు నుంచి వచ్చే ఆ సముద్రపు హోరు లేకపోతే చెవుల్లో ఏదో వెలితిగా ఉంటుంది. తిండికి లోటు లేదు. ఇక్కడివాళ్లు రాగిముద్ద తింటారు. అమ్మ మొదట చేత్తో నొక్కి చూసి, "ఇవి మన సోళ్లే గదేటి, అంబలి కాసుకోక ఇలాగ ముద్ద సేసినారేటి" అంది, ఇప్పుడు అదే అడిగి పెట్టించుకుంటోంది. మావ తిరిగి వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్లు కొంచెం పంపించండి. గట్టిగా మూటకట్టండి, క్రితంసారి రైల్లో పెట్టెలోవాళ్లంతా మీ బావని చూసి ముక్కు మూసుకున్నారట.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నీకు చెప్పొద్దని మీ బావ అన్నాడు. చెప్పకుండా నీకు మిగతాది అర్థం కాదు.

నాటిన పిలకలు వేరు పట్టాక కలుపు తీత వచ్చింది. మేడం గట్టు మీద అన్నీ పరిచి చూపించింది. గుర్రపుడెక్క ముక్కలు పీకాలి, గట్టు మీద లేచిన వయ్యారిభామ పీకాలి. తుంగ ముట్టుకోకూడదు, వట్టివేరు ముట్టుకోకూడదు. అందరం విన్నాం, అమ్మ కూడా తల ఊపింది. తర్వాత మన అలవాటు ప్రకారం వరస కట్టి దిగాం. మనవైపు ఎవరి వరస వాళ్లదే కదా, పక్కవాళ్ల వరసలో చేయి పెట్టం. అమ్మ మొదటి వరస పట్టింది. ఊళ్లో ఎప్పుడూ ఆవిడదే మొదటి వరస, ఇక్కడా ఎవరూ అడ్డు చెప్పలేదు. గట్టు వంపు తిరిగే చోట ఆవిడ, మా వరసలన్నీ ఈ పక్కకి.

నీళ్లలో ఒంగాక చేతులకి మేడం మాట గుర్తుండదు అన్నయ్యా. తుంగ దుబ్బు వేళ్లకి తగిలితే చాలు, మనకి పుట్టిన దగ్గర్నుంచి ఒకటే తెలుసు. నా చేయి కూడా పట్టుకుని లాగబోయి ఆగింది. దాలమ్మ కొన్ని పీకి, నాలిక్కరుచుకుని, ఎవరూ చూడకుండా మళ్లీ బురదలో గుచ్చింది. మిగతావాళ్లూ అంతే, అక్కడో దుబ్బు ఇక్కడో దుబ్బు తెంపారు. కబుర్లలో పడి అమ్మ వైపు నేను చూడలేదు.

మధ్యాహ్నం మేడం వచ్చేసరికి గట్టు వంపులో తుంగ కుప్ప ఉంది. అమ్మ పని నీకు తెలుసు కదా. పైపైన తెంపదు. బురదలోకి మోచేతి దాకా చేయి పెట్టి అడుగున గడ్డతో సహా తీస్తుంది, మళ్లీ మొలవకుండా. తీసినదాన్ని మన గట్ల మీద పరిచినట్టే వేళ్లు పైకి పెట్టి పరిచేసింది, ఎండకి చచ్చిపోవాలని. ఆ రోజే ఇక్కడ ఎండ కాసింది. ఆవిడ వరసలో నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఒక్క పరక లేదు.

మేడం, "ఇది ఎవరు చేశారు?" అని అడిగింది. గట్టిగా కూడా అడగలేదు. మాకందరికీ అర్థమైంది. అమ్మకి మాత్రం అర్థం కాలేదు. మెచ్చుకోవడానికి అడుగుతోందనుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుని, నడుం నిటారుగా పెట్టి, "నానేనమ్మా. ఒక్క దుంప గూడా మిగల్నేదు, సూడు" అంది.

మేడం గట్టు మీద కూర్చుండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది నాకు. "పారమ్మా, ఇది మనం నాటిందే కదా" అంది మెల్లగా. అమ్మ కుప్ప వైపు చూసింది, చేతుల వైపు చూసింది. తర్వాత నీళ్లలోకి దిగి, ఎండిన ఆ వేళ్లని నీటిలో ముంచడం మొదలెట్టింది. నేను వెళ్లి రెక్క పట్టుకుని పైకి తీసుకొచ్చాను. నాకు ఏడుపు వచ్చింది, ఆవిడకి రాలేదు.

ఆ తర్వాత జరిగింది వింటే నవ్వొస్తుంది, కానీ అమ్మ దగ్గర ఎవరం నవ్వలేదు. మేము పైపైన తెంపినవన్నీ అడుగున మిగిలిన గడ్డల నుంచి మళ్లీ లేచాయి. దాలమ్మ వరస అందరికంటే పచ్చగా ఉంది. పని శుభ్రంగా చేసిన అమ్మ వరస ఒక్కటే బోడిగా ఉండిపోయింది. ఎవరు అటు నడిచినా కంటికి అదే కనబడుతుంది.

మేడం సింహాచలం మావతో మాట్లాడి అమ్మకి పని మార్చింది. షెడ్డు పక్కన కూర్చుని సంచుల్లో మట్టి నింపడం, మొక్కలకి నీళ్లు పోయడం. అది తేలిక పని, మోకాలికీ మంచిదే. మేడం మంచికే అంది, నేనూ మంచిదే అనుకున్నాను. అమ్మ ఒక్క పూట కూర్చుని లేచి వచ్చి, "టికెట్టు తీసీవే. ఎలిపోతాను" అంది. నువ్వు కూడా రమ్మంటున్నావు కాబట్టి సరిపోయిందనుకున్నాను. దాచడం దేనికి, నాకు దిగులేసింది. మీ బావ పొద్దంతా తెప్ప మీద ఉంటాడు, అమ్మ లేకపోతే నాకు ఇక్కడ నోరు విప్పి మాట్లాడటానికి ఎవరున్నారు. అయినా సరేనన్నాను. "అన్నయ్య సంతోషిస్తాడే, కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు" అని కూడా అన్నాను.

ఆ మాటకి అమ్మకి కోపం వచ్చింది. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను, నా మీద కోపం తెచ్చుకోకు.

"కూకోడానికేటే, ఎక్కడైనా కూకోవచ్చు. ఆడు నన్ను కూకోమన్నాడనే గదా నీ ఎనక వచ్చినాను. పోయినేడు ఉభాలకి, నాట్లెయ్యడానికి, మిసను వచ్చినాది. సరే అనుకున్నాను. కలుపు వేళకి కొంగు బిగించి మడిలో దిగితే, ఆడు గట్టు మీద నుంచి 'అమ్మా, ఎక్కీసీ, మందు కొట్టీసినాను, కలుపు నేదు' అన్నాడు. నాను నమ్మక ఆ చివర దాకా నడిచినాను. ఒక్క పరక నేదే. ఎక్కినాక సేతులు కడుక్కోడానికి గెడ్డకెల్తే, కడుక్కోడానికి బురదయినా అంటనేదు."

ఆ రోజు నువ్వు మంచికే చేశావని నాకు తెలుసు. అమ్మ ఎండలో ఒంగకూడదనే ఆ మందు తెచ్చావు. వదిన కూడా అదే చెప్పింది. ఆవిడ అలా గెడ్డ ఒడ్డున, ఆ వాగు నీళ్ల దగ్గర నిలబడిందని నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇన్నాళ్లూ అమ్మ నాకు తోడుగా వచ్చిందనుకుని ఊళ్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నాకోసం కాదట, పనికోసం వచ్చిందట. విన్నప్పుడు కాస్త చురుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే, వయసు మీద పడ్డ మనిషి నాకు పని కావాలి అని నోరు తెరిచి ఎవరిని అడుగుతుంది, కూతురి మీద పెట్టి రావడం తప్ప.

మర్నాడు పొద్దున్నే వెళ్లి మేడంతో మాట్లాడాను. ఊరికి వెళ్లేముందు ఆవిడ వరస ఆవిడనే మళ్లీ నాటుకోనివ్వండి అన్నాను. మేడం పిలకల బుట్ట తనే మోసుకుని వచ్చి, పంచెలా చీర ఎగ్గట్టిన అమ్మ పక్కన ప్యాంటు మడిచి నీళ్లలో దిగింది. నాటడం కూడా అమ్మకి అంత తేలిగ్గా రాలేదు అన్నయ్యా. మనం వరి నాటినట్టే వేళ్ల కొసలతో పైపైన గుచ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడిచింది. తెల్లారి చూస్తే సగం పిలకలు నీళ్ల మీద తేలుతున్నాయి. మేడం మళ్లీ చూపించింది, ఇక్కడ లోతుగా దించి, కాలి మడమతో మట్టి నొక్కాలి. అమ్మ రెండోసారి నాటింది. మళ్లీ కొన్ని తేలాయి. మూడోసారికి నిలిచాయి. నలుగురిలో అలా మళ్లీ మళ్లీ నేర్పించుకోవడం అమ్మకి చిన్నతనం అనిపిస్తుందేమోనని నేను పక్కకి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ మాత్రం, "నాకు పీకడం వచ్చునమ్మా, నాటడం నువ్వు సెప్పు" అని మేడంతో అంటూనే ఉంది.

ఇప్పుడు ఆవిడ వరస పచ్చబడింది. మా వరసలంత ఒత్తుగా లేదు, కానీ వేరు పట్టింది. టీ కూడా తాగకుండా పొద్దున్నే వెళ్లి చూసొస్తోంది. కలుపు తీతకి మళ్లీ దిగనిచ్చారు. ఒక్కో మొక్కనీ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను కూడా ఒకసారి చూడమని అడిగి, అప్పుడు పీకుతోంది. మొదటి వరస పట్టదు, చివరి వరస తీసుకుంటోంది. దాలమ్మ, "ఏటి పారమ్మొదినా, కొత్త కోడల్లాగ వెనకబడిపోతన్నావు" అని వేళాకోళం చేస్తే, "నీలాగ పైపైన తెంపితే నానూ బేగి వచ్చీస్తాను" అంది. ఆ మాట విన్నాక నా ప్రాణం కుదుటపడింది.

టికెట్టు తియ్యలేదు. ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు అంటున్నారని, కన్నతల్లిని కూలికి పంపాడని నిన్ను ఎత్తిపొడుస్తున్నారని చెప్పావు. నాకూ బాధగానే ఉంది. కానీ అనేవాళ్లలో ఎవరైనా ఈ ఏడు అమ్మని కలుపుకి పిలిచారా? అందరి మళ్లలోనూ మందే కదా. నువ్వొక్కడివే కొట్టావని నేననడం లేదు.

అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అన్నయ్యకి ఏం రాయమంటావు, వస్తావా రావా అని అడిగాను. ఆవిడ చెప్పింది ఇది. "ఆడు పిలిస్తే రాకుండా ఉంటానేటి. ఇల్లు నాది కాదేటి. అయితే ఒక్కటి రాయి. గెడ్డ పక్క మడి ఒక్కటి మందు కొట్టకుండా ఒగ్గీమను. మిగతా మళ్లు ఆడిష్టం. అందులో కలుపు లేస్తాది గదా, లేసినాదని కబురు సేస్తే బేగి వచ్చీస్తాను. అది నేకపోతే ఈ పాలికి ఇక్కడే ఉంటానని రాయి. ఆడి మీద నాకు కోపం నేదని గూడా రాయి."

ఆ ఒక్క మడి వల్ల నీకు గింజలు కొంచెం తగ్గుతాయేమో. అమ్మ మెల్లగా తీస్తుంది, పూర్వం లాగ ఒక్క పూటలో తేల్చేయలేదు, మధ్యలో మోకాలు పట్టుకుని గట్టు ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు నువ్వు చూడలేక ఎక్కేయమని అనకు. నీకు అంతగా తోచకపోతే నువ్వూ దిగి పక్క వరస పట్టు. బాగా ఆలోచించుకుని, వదినని కూడా అడిగి, మావతో కబురు పంపు. నువ్వు ఏది చెప్పినా నేను తగువు పెట్టుకోను, ఈసారికి మాట ఇస్తున్నాను.

పెద్దమ్మకి, మన వీధిలో పెద్దవాళ్లందరికీ మా ముగ్గురి దండాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. వదినకి అమ్మ దీవెనలు, నా నమస్కారాలు. చెల్లెల్ని చల్లగా ఉండమని దీవించు.

ఇట్లు,
నీ చెల్లెలు
గౌరి

ఉత్తరమంతా అమ్మకి చదివి వినిపించాను, బాగుందంది, మడత పెట్టమని చెప్పి చెరువు వైపు వెళ్లింది. ఇది ఆవిడ వెళ్లాక రాస్తున్నాను. ఉభాలు అయిపోయాయని పోయినసారి నువ్వు చెప్పావు, నాట్లయిన వెంటనే మందు కొడతారు కదా, అమ్మ ఆ మడి అడిగిన దగ్గర్నుంచి నాకు మనసులో పీకుతూనే ఉంది. ఫోను చేసి అడగొచ్చు, కానీ అడిగితే పక్కన ఉన్న అమ్మ నా మొహం చూసి తెలుసుకుంటుంది. ఈ కాయితం నీ చేతికి వచ్చేసరికి గెడ్డ పక్క మడిలో కూడా మందు కొట్టేసి ఉంటే, ఆ సంగతి అమ్మకి చెప్పకు. నాకు చెప్పు.